పెళ్లిలోపు మొహానికి ఫిల్లర్లు వేయించుకోవాలా?

కోస్తాలోని ఒక చిన్న టౌన్ నుంచి 48 ఏళ్ల పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు రెండేళ్ల కిందట షుగర్ బయటపడింది. భయపడి అన్నం తగ్గించారు, పొద్దున్నే నడక మొదలుపెట్టారు. 74 కిలోల నుంచి 60కి వచ్చారు. షుగర్ అదుపులోకి వచ్చింది, డాక్టరు మెచ్చుకున్నారు. కానీ మొహం పీక్కుపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. ముక్కు పక్క నుంచి పెదవుల చివరి దాకా రెండు లోతైన గీతలు పడ్డాయి. కళ్ల కింద గుంటలు, కనుబొమల మధ్య ముడతలు వచ్చాయి. చిగుళ్లు పాడై పైదవడ వెనక పళ్లు రెండు పీకించుకున్నారు కూడా. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురికి పెళ్లిచూపులు జరిగినరోజు, పెళ్లికొడుకు మేనత్త ఈమెను చూసి ‘మీరు అమ్మాయికి అమ్మమ్మగారా?’ అని అడిగింది. ఆమె అమాయకంగానే అడిగిందట. కానీ ఆ రాత్రి భర్త ఆ మాటను ఫోన్లో నలుగురికీ చెప్పి నవ్వారు. జుట్టుకు రంగు వేసుకుని ఆయన మాత్రం చిన్నవాడిలా కనిపిస్తారు.

సంబంధం కుదిరింది. పెళ్లి ఇంకో ఏడు వారాల్లో ఉంది. ఈమె ఎవరికీ చెప్పకుండా తమ ఊళ్లోని బ్యూటీ పార్లర్‌కి వెళ్లారు. ఫిల్లర్లు (పీక్కుపోయిన చోట నింపే ఇంజెక్షన్లు), బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్) కలిపి 28,000 రూపాయల ప్యాకేజీ అన్నారు. నెలకో ఆదివారం ‘హైదరాబాద్ డాక్టరు’ వస్తారని, ఆయన రాకపోతే కోర్సు చేసిన మేడమే ఇంజెక్షన్లు వేస్తారని చెప్పారు. చీటీ డబ్బులోంచి 5,000 అడ్వాన్సు కట్టారు. మొహానికి రాసుకోమని ఒక క్రీమ్ ట్యూబు ఊరికే ఇచ్చారు. సెలవులకు వచ్చిన కూతురు ఆ రసీదు చూసి, ‘నా పెళ్లి కోసం నువ్వు మొహానికి సూదులు పొడిపించుకోవాలా అమ్మా’ అని ఏడ్చిందట. హైదరాబాద్‌లో ఉండే తోటికోడలు రెండేళ్లుగా ఫిల్లర్లు వేయించుకుంటోంది, బాగుంది, కానీ ‘ఎక్కడా అనకు’ అని ఒట్టు వేయించుకుంది. ఈమె షుగర్ మాత్రలతో పాటు గుండె డాక్టరు రాసిన ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర) కూడా వాడుతున్నారు.

ఆమె అడుగుతున్నవి మూడు. నా షుగర్‌తో ఇది చేయించుకోవచ్చా? మావారికి చెప్పకుండా చేయించుకోవచ్చా? ఈ వయసులో ఇలాంటి కోరిక ఉండటమే తప్పా?

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఉత్తరమంతా దాని బరువు కిందే రాసినట్టుంది. తప్పు కాదండీ. కూతురి పెళ్లిలో తన మొహం కళగా ఉండాలని తల్లి కోరుకోవడంలో తప్పేముంది? అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోసేది మీరు. అప్పగింతల దగ్గర అందరి కళ్లూ మీ తల్లీకూతుళ్ల మీదే ఉంటాయి. ఆ ఫొటోలు మీ మనవలు కూడా చూస్తారు. మీవారు జుట్టుకు రంగు వేసుకున్నప్పుడు ‘ఈ వయసులో నీకెందుకు’ అని ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు. మిమ్మల్ని మీరు అడుక్కోవడం కూడా ఇక మానేయండి.

అసలు మీ మొహానికి ఏం జరిగిందో తెలిస్తే మీ మీద మీకున్న కోపం కొంత తగ్గుతుంది. బుగ్గల చర్మం కింద చిన్న చిన్న కొవ్వు మెత్తలు ఉంటాయి. మొహానికి నిండుదనం వాటివల్లే వస్తుంది. 14 కిలోలు తగ్గినప్పుడు పొట్ట దగ్గరి కొవ్వుతో పాటు అవీ కరుగుతాయి. ముప్పై ఏళ్లప్పుడైతే పైనున్న చర్మం బిగుసుకుని సర్దుకునేది. మీ వయసులో, నెలసరి ఆగిపోయే సమయంలో, ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయి, చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ వేగంగా తగ్గుతుంది. అందుకే సర్దుకోలేక కిందికి జారింది. వెనక పళ్లు పోవడంతో బుగ్గకు లోపలి నుంచి ఉన్న ఆసరా కూడా కొంత పోయింది. అంటే షుగర్‌ను లొంగదీసుకోవడానికి మీరు పడిన కష్టమే మొహం మీద కనిపిస్తోంది. మీ కళ్లను, కిడ్నీలను, పాదాలను కాపాడుకున్న కష్టం అది. మేనత్తగారికి ఆ సంగతి తెలియదు. మీవారికి తెలుసు, అందుకే ఆయన నవ్వు మీకు ఎక్కువ గుచ్చుకుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు పార్లర్ సంగతి. మిగతా విషయాల్లో మీకు రెండు మూడు దారులు చెబుతాను, ఏది ఎంచుకున్నా మీ ఇష్టం. ఇందులో మాత్రం ఒకటే చెబుతాను. అక్కడ వేయించుకోకండి. 5,000 తిరిగి అడగండి. ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి. అడ్వాన్సు పోతుందేమోనన్న బాధతో మొహాన్ని అప్పగించకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫిల్లర్ హైలురానిక్ యాసిడ్ అనే పదార్థంతో చేసిన జెల్. పేరులో యాసిడ్ ఉందని భయపడక్కర్లేదు. మన చర్మంలో, కీళ్లలో, కంటిగుడ్డులో సహజంగా ఉండేదే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని మొదట ఆవు కంటి నుంచే వేరు చేశారు. మోకాళ్ల నొప్పులకు ఆర్థోపెడిక్ డాక్టర్లు వేసే జెల్ ఇంజెక్షన్లలో ఉండేదీ అదే. ఇప్పుడు దాన్ని ఎక్కువగా బ్యాక్టీరియాను పులియబెట్టి తయారుచేస్తున్నారు. శాకాహారులు ఈ సంగతి అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. అంతకుముందు, 1981 నుంచి, ఆవు చర్మం నుంచి తీసిన కొల్లాజెన్ వాడేవారు. అది కొందరికి అలర్జీ చేసేది కాబట్టి ముందుగా చేతి మీద పరీక్ష చేయాల్సి వచ్చేది. హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్‌కు అమెరికాలో 2003 చివర్లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత ఇదే ప్రపంచమంతా పాకింది.

దీనికి ఒక గొప్ప సుగుణం ఉంది. నచ్చకపోయినా, పొరపాటు జరిగినా, హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ వేస్తే కరిగిపోతుంది. కాల్షియంతో చేసినవి, పాలీ లాక్టిక్ యాసిడ్‌తో చేసినవి, శాశ్వతంగా ఉండిపోయే ప్లాస్టిక్ రేణువులున్నవి అలా కరగవు. ద్రవ సిలికాన్‌నైతే మొహంలో ముడతలు నింపడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అసలు అనుమతించనే లేదు. అయినా చాటుమాటుగా వేసేవాళ్లు ఉన్నారు. ఏళ్ల తర్వాత గడ్డలు కట్టి, ఆపరేషన్ చేసినా పూర్తిగా బయటికి రాని పరిస్థితి వస్తుంది.

ఇప్పుడు మీ ప్యాకేజీ లెక్క చూడండి. ఒక సిరంజిలో ఉండేది 1 మిల్లీలీటరు. టీ చెంచాలో పట్టేది 5 మిల్లీలీటర్లు, అంటే ఒక సిరంజి చెంచాలో అయిదో వంతు. పేరున్న కంపెనీ ఫిల్లర్ మన నగరాల్లో సాధారణంగా ఒక్క సిరంజికే ఇరవై వేలు, అంతకు పైన పడుతుంది. మీరు రాసినంతగా బుగ్గలు లోపలికి పోతే ఒక్క సిరంజితో పెద్ద తేడా రాదు, రెండు నుంచి నాలుగు దాకా పట్టవచ్చు. పైగా బొటాక్స్ ఖర్చు వేరే. 28,000కే అన్నీ చేస్తామంటే తక్కువ చేసింది ఎక్కడో ఆలోచించండి. ఒకే సిరంజిని ఇద్దరు ముగ్గురికి పంచుతున్నారేమో, లైసెన్సు లేకుండా వచ్చిన సరుకేమో, ఫిల్లర్ పేరు చెప్పి ఇంకేదో వేస్తున్నారేమో. మీ ముందు సీలు విప్పని పెట్టెలోంచి సిరంజి తీయకపోతే అందులో ఏముందో మీకెలా తెలుస్తుంది? సూది లేకుండా పెన్నులాంటి పరికరంతో ఒత్తిడి పెట్టి జెల్ ఎక్కిస్తామని కొన్నిచోట్ల చెబుతున్నారు. దాన్ని వాడొద్దని ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది.

సరుకు మంచిదే అయినా, అసలు ప్రమాదం వేసే చేతిలో ఉంది. మీరు నింపించుకోవాలనుకుంటున్న ముక్కు పక్క గీత పొడవునా మొహానికి రక్తం తెచ్చే ప్రధాన ధమని వెళుతుంది. అది పైకి పోయి ముక్కు మూల దగ్గర కంటికి రక్తమిచ్చే నాళాలతో కలుస్తుంది. జెల్ పొరపాటున ధమనిలోకి పోతే రక్తం ఆగి, ఆ మేర చర్మం చచ్చిపోవచ్చు. వెనక్కి ఎగదన్ని కంటి నాళంలోకి చేరితే చూపు పోవచ్చు. కనుబొమల మధ్య, ముక్కు మీద, నుదుటి మీద ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇది అరుదుగా జరిగేదే. అనుభవం ఉన్న డాక్టర్ల చేతుల్లో చాలా అరుదు. కానీ జరిగినప్పుడు ప్రతి నిమిషమూ లెక్కే. రక్తం అందకపోతే గంటా గంటన్నరలోనే రెటీనా (కంటి లోపలి వెనక పొర) శాశ్వతంగా దెబ్బతింటుంది. చర్మం విషయంలో కొన్ని గంటల సమయం ఉంటుంది. వెంటనే గుర్తుపట్టి హైలురోనిడేజ్ ఎక్కువ మోతాదులో వేస్తే చాలాసార్లు చర్మం దక్కుతుంది. చూపు ఒకసారి పోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. మీ పార్లర్‌లో ఆ మందు ఉందా? మేడమ్‌కు దాని పేరైనా తెలుసా? ఆదివారం వచ్చి సాయంత్రం బస్సెక్కే డాక్టరు సోమవారం ఉదయం మీ ఫోన్ ఎత్తుతారా?

వేయించుకున్నాక చర్మం తెల్లగా పాలిపోవడం, భరించలేని నొప్పి, వలలాగా ఊదారంగు మచ్చలు పరుచుకోవడం, చూపు మసకబారడం, ఇవి ప్రమాద సూచనలు. కొన్నిసార్లు ఇంటికొచ్చాక కూడా బయటపడతాయి. ‘మర్నాడు చూద్దాం’ అనుకోకూడనివి ఇవి.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. మీవారి అనుమతి కోసమో, పరువు కోసమో చెప్పమనడం లేదు. మీ మొహం, మీ చీటీ డబ్బు, నిర్ణయం మీదే. కానీ రాత్రి పదింటికి బుగ్గ మీద నల్లమచ్చ పడితే, రహస్యం బయటపడుతుందన్న భయంతో మీరు తెల్లారేదాకా ఐస్ పెట్టుకుని కూర్చుంటారు. ఇలాంటి విషయాల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ ఆలస్యమే. అందుకే ఇంట్లో కనీసం ఒక్క మనిషికైనా అన్నీ తెలిసి ఉండాలి. ఏ మందు వేశారు, ఎక్కడ వేశారు, డాక్టరు నంబరు ఏది, ఏం జరిగితే ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నీ. ఆ మనిషి మీవారే కావాలని లేదు. మీ అమ్మాయి కావచ్చు. ఆ మనిషి లేకుండా మాత్రం ఎంత పెద్ద డాక్టరు దగ్గరైనా వేయించుకోవద్దు.

మన ఇళ్లలో ఈ విషయం చుట్టూ ఉన్న గోప్యత చేస్తున్న కీడు ఇంకొకటి ఉంది. బాగా కుదిరినవాళ్లు చెప్పరు, మీ తోటికోడలిలాగే. చెడినవాళ్లు అవమానంతో అసలే చెప్పరు. దాంతో ఏ డాక్టరు మంచివారో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఒక ఆడది ఇంకో ఆడదానికి చెప్పుకునే వీలే లేకుండా పోతోంది. చివరికి మన చెవిన పడేది పార్లర్ ఫ్లెక్సీ మీది మాటే. మీ తోటికోడలి ఒట్టు నిలబెడుతూనే ఆమెను అడగవచ్చు. ఎవరి దగ్గర, ఏ మందు, ఎన్ని సిరంజిలు, మొదటి రెండు వారాలు మొహం ఎలా ఉంది అని. మీకు దొరికే సమాచారంలో ఆమెది బంగారంలాంటిది.

ఇక షుగర్ గురించి. షుగర్ ఉన్నంత మాత్రాన ఫిల్లర్ వేయకూడదని లేదు. అదుపులో లేకపోతే సూది గుచ్చిన చోట ఇన్ఫెక్షన్ రావచ్చు, గాయం మానడం ఆలస్యం కావచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొత్తగా చేయించుకుని, ఆ కాగితం చర్మ డాక్టరుకు చూపించండి. ఎకోస్ప్రిన్ వల్ల కమిలిన మచ్చలు ఎక్కువ పడతాయి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, పార్లర్ వాళ్లు ఆపమన్నా ఆపకండి. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరే చెప్పాలి. చేప నూనె, విటమిన్ ఈ మాత్రలు కూడా కమిలేలా చేస్తాయి. వాడుతుంటే చెప్పండి. పళ్ల పని ఉంటే దానికీ ఫిల్లర్‌కీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచుతారు, నోట్లోని క్రిములు రక్తం ద్వారా ఫిల్లర్ దాకా చేరకుండా.

ఊరికే ఇచ్చిన ఆ క్రీమ్ ట్యూబు సంగతి. దాని వెనక బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేరు ఉందేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడ్. మొదటి వారాల్లో మొహం తెల్లబడినట్టు మెరుస్తుంది, తర్వాత చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, సన్నటి నరాలు తేలతాయి. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన బిగించింది కూడా. ఒక్క పూట రాసినా సరే, డాక్టరుకు ఆ ట్యూబు చూపించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏడు వారాల్లో పెళ్లి అన్న సంగతి మర్చిపోకుండా ఆలోచిద్దాం.

మొదటిది, పెళ్లికి ముందే, అర్హత ఉన్న చర్మ డాక్టరు దగ్గర వేయించుకోవడం. అలాగైతే ఇప్పుడే కదలాలి. ఫిల్లర్ వేశాక రెండు మూడు రోజులు వాపు, వారం పది రోజులు కమిలిన మచ్చలు ఉంటాయి. ఎకోస్ప్రిన్ వల్ల మీకు ఇంకా ఎక్కువ రోజులు ఉండవచ్చు. రెండు పక్కలా సమానంగా రాకపోతే దిద్దడానికి మరో రెండు వారాలు కావాలి. కాబట్టి పెళ్లికి నాలుగు వారాలు ఉండగానే పని పూర్తవ్వాలి, ఆ తర్వాతైతే వద్దు. వేసిన రెండు వారాల్లో పార్లర్‌లో ఫేషియల్, మసాజ్ చేయించుకోకూడదు. పెళ్లి హడావిడిలో అందరూ లాక్కెళతారు, మీరే గుర్తుపెట్టుకోవాలి. మంచి డాక్టరు మీ ముక్కు పక్క గీతను నేరుగా నింపకపోవచ్చు. అది పై బుగ్గ దిగడం వల్ల పడిన మడత కాబట్టి బుగ్గ ఎముక దగ్గర కొద్దిగా వేసి పైకెత్తుతారు. ఫలితం ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా, వేసిన చోటును బట్టి ఉంటుంది. అది తగ్గాక మళ్లీ వేయించుకోవాలనిపిస్తుంది. ఖర్చు ఒక్కసారితో అయిపోతుందని అనుకోకండి. మీ బరువు ఇంకా తగ్గుతూనే ఉంటే ఈ రోజు సరిపోయిన ఫిల్లర్ ఆరు నెలలకు చాలదు. అందుకే చాలామంది డాక్టర్లు బరువు కొన్ని నెలలు ఒకచోట నిలిచాకే వేస్తామంటారు.

రెండోది, ఇప్పటికి కనుబొమల మధ్య ముడతలకు బొటాక్స్ ఒక్కటే వేయించుకోవడం. ఫిల్లర్, బొటాక్స్ ఒకటే అనుకుంటారు చాలామంది. ఫిల్లర్ ఖాళీని నింపుతుంది. బొటాక్స్ కండరాన్ని కొన్నాళ్లు సడలిస్తుంది, దాంతో నుదురు చిట్లించినప్పుడు పడే గీతలు తగ్గుతాయి. కెనడాలో కంటి డాక్టరు జీన్ కరూథర్స్, కనురెప్పలు అదిరే జబ్బుకు ఈ మందు వేస్తున్నప్పుడు కనుబొమల మధ్య ముడతలు పోవడం గమనించారు. ఆ ముడతలకు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. మూడు నాలుగు రోజుల్లో పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలుంటుంది. దీనివల్ల రక్తనాళం మూసుకుపోయే భయం లేదు. చేయి సరిగా లేకపోతే కనురెప్ప కొన్ని వారాలు వాలిపోవచ్చు. కాబట్టి దీనికీ నాలుగు వారాల ముందే వెళ్లాలి. బుగ్గలు మాత్రం దీనితో నిండవు.

మూడోది, ఫిల్లర్‌ను పెళ్లి తర్వాతికి వాయిదా వేసి, ఈ ఏడు వారాలూ వేరే పనులకు వాడటం. నా మనసు ఈ దారి వైపే మొగ్గుతోంది. ముందుగా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పోయిన పళ్ల చోట బ్రిడ్జి కానీ, తీసిపెట్టుకునే పళ్లు కానీ పెట్టించుకుంటే బుగ్గకు కొంత ఆసరా వస్తుంది. పెళ్లి భోజనం కూడా నమిలి తినగలుగుతారు. అన్నం తగ్గించిన మీరు పప్పు, గుడ్డు, పెరుగు, చేప సరిపడా తింటున్నారా? బరువు తగ్గించే తొందరలో మాంసకృత్తులు కూడా తగ్గించేసుకుంటారు చాలామంది. మీ షుగర్ డాక్టరును అడిగి సరిచూసుకోండి. ఇక బరువు తగ్గడం చాలంటారేమో కూడా అడగండి. ఎండలో నడిచేవారు కాబట్టి ఎస్‌పీఎఫ్ 30, ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ రోజూ రాసుకోండి. రాత్రిపూట ముడతలు తగ్గించే ట్రెటినోయిన్ క్రీమ్‌ను డాక్టరు చీటీ మీద మొదలుపెట్టవచ్చు. దానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మొదట్లో చర్మం పొట్టు రేగుతుంది కాబట్టి పెళ్లి ముందు కొత్తగా మొదలుపెట్టమనను. పెళ్లిరోజు మేకప్ అమ్మాయికి ఒక్కదానికే మాట్లాడి ఉంటారు. మీకూ మాట్లాడండి. మంచి మేకప్ ఆర్టిస్టు చేయి పడితే కళ్ల కింద గుంటల నీడ ఫొటోల్లో చాలా వరకు కనిపించదు. కళ్ల కింద ఫిల్లర్ అందరికీ పడదు. పలుచటి చర్మం కింద నీలంగా తేలుతుంది, వాపు నెలల తరబడి నిలవవచ్చు. కళ్ల కింది నలుపు చర్మం రంగు వల్ల వచ్చినదైతే ఫిల్లర్ దాన్ని అసలే తగ్గించదు.

ఈ దారిలో నష్టం కూడా చెప్పాలి. పెళ్లి ఫొటోల్లో బుగ్గలు ఇప్పటిలాగే ఉంటాయి. ఆ మేనత్తగారు పెళ్లికీ వస్తారు. అది మీరు భరించగలిగినదో కాదో మీకే తెలుసు. భరించలేననిపిస్తే మొదటి దారిలో వెళ్లండి, నేనేమీ తప్పుపట్టను. ఏదీ చేయించుకోకుండా ఉండిపోవడం నాలుగో దారి. అది ఓటమి కాదు, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు.

మీవారి నవ్వు గురించి. ఫిల్లర్ బుగ్గను నింపుతుంది కానీ ఆ రాత్రి పడిన దెబ్బను మాన్పదు. పెళ్లయ్యాక కూడా ఆయన అదే మాట పదిమందిలో చెప్పి నవ్వితే, నిండిన బుగ్గలతోనే మళ్లీ ఏడుస్తారు. ఆయన చెడ్డవారని మీరు ఎక్కడా రాయలేదు. నాకూ అలా అనిపించలేదు. మీకు తగిలిందని ఆయనకు తెలియదు, మీరు చెప్పలేదు కాబట్టి. గొడవ పెట్టుకోనవసరం లేదు. ఇద్దరే ఉన్నప్పుడు, శుభలేఖల లెక్కలు చూస్తున్నప్పుడైనా సరే, ఇలా అనండి: ‘ఆ అమ్మమ్మ మాట మీరు నలుగురికీ చెప్పి నవ్వారు. నాకు చాలా బాధేసింది. షుగర్ తగ్గించుకోవడానికి నేనెంత కష్టపడ్డానో మీరు చూశారు. ఇంకెక్కడా అనకండి.’ ఇంత చాలు. ఆయన ఏదో సర్దిచెప్పబోతే చెప్పనివ్వండి, మీరు మాత్రం మాట వెనక్కి తీసుకోకండి. ఒకవేళ ఆయన అప్పుడూ నవ్వితే, ఆ సంగతి పెళ్లి అయ్యాక మళ్లీ రాయండి, విడిగా మాట్లాడుకుందాం. పెళ్లి పనుల మధ్య అంత పెద్ద ముడి విప్పడం కష్టం.

మీ అమ్మాయి ఏడుపు మాత్రం వేరు. తన పెళ్లి వల్ల అమ్మ బాధపడుతోందని, తనే కారణమని అనుకుంటోంది. ‘నీ పెళ్లి కోసం కాదమ్మా, అద్దంలో నాకు నేను కనిపించడం లేదు, అందుకే’ అని ఆమెకు చెప్పండి, అది నిజమైతేనే. నిజం కాకపోతే, అంటే వియ్యాలవారి ముందు మాట పడకూడదనే అయితే, అది కూడా దాచకుండా చెప్పండి. బెంగళూరులో ఉన్న పిల్ల, మంచి డాక్టరును వెతకడంలో మీకంటే చురుగ్గా ఉంటుంది. మీతో కన్సల్టేషన్‌కు రమ్మనండి. అంతా తెలిసి ఉండాల్సిన ఆ ఒక్క మనిషి తనే కావచ్చు.

డాక్టరును ఎంచుకునేటప్పుడు బోర్డు మీద ‘కాస్మెటాలజిస్ట్’ అన్న మాట ఒక్కటే చూసి నమ్మేయకండి. చర్మ వైద్యంలో ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీ కానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ కానీ ఉండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో పేరు కొడితే నిజమో కాదో మీ అమ్మాయి ఫోన్లోనే చూడవచ్చు. నంబరు అడిగితే కోపం తెచ్చుకునే చోట నుంచి లేచి వచ్చేయండి.

మొదటిరోజు కన్సల్టేషన్ మాత్రమే చేయించుకోండి, ఆ రోజే సూది వద్దు. డాక్టరును అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి. ఏ కంపెనీ ఫిల్లర్, కరిగించడానికి వీలవుతుందా, హైలురోనిడేజ్ ఇక్కడే ఉందా, ఎన్ని సిరంజిలు, మొత్తం ఎంతవుతుంది, రాత్రిపూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకు చేయాలి, దగ్గర్లో కంటి ఆసుపత్రి ఏది అని. వేయించుకునేటట్టయితే పెట్టె మీ ముందే విప్పించి, దాని మీది స్టిక్కరు మీ ఫైల్లో అంటించమనండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. ‘మీకిది అవసరం లేదు’ అనో, ‘పెళ్లయ్యాక రండి’ అనో చెప్పే డాక్టరు దొరికితే ఆయన్ను వదులుకోకండి.

వెళ్లేటప్పుడు హెచ్‌బీఏ1సీ రిపోర్టు, మీరు వాడే మాత్రల చీటీలు, ఆ ట్యూబు, బరువు తగ్గకముందు తీసిన ఒక ఫొటో తీసుకెళ్లండి. మీరు ఏ మొహాన్ని తిరిగి కోరుకుంటున్నారో ఆ ఫొటో చూస్తే డాక్టరుకు త్వరగా అర్థమవుతుంది. వచ్చే ఆదివారం లోపే పార్లర్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పేయండి.